మూడో సిలిండరు కింద తోలు ముక్క

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో నూజివీడు మామిడి షావుకారు ఒకాయన పాత అమెరికా కారు కొన్నాడు. యుద్ధకాలంలో మూడేళ్ళు మిలిటరీ మోటారు వర్క్‌షాపులో పని నేర్చుకుని అప్పటికే ఊరికి తిరిగొచ్చి ఉన్నాను నేను. మాది అర్చకుల కుటుంబం. నేను రెంచీలు పట్టడం మా నాన్నగారికి గిట్టేది కాదు. నూతి దగ్గర స్నానం చేస్తేగాని లోపలికి రానిచ్చేవారు కాదు. ఊళ్ళో నన్ను నమ్మి షెడ్డు ఇచ్చినవాడు ఆ షావుకారే. గడ్డి పరిచి కాయలు మాగేసే ఆయన పాకకు ఆనుకుని ఉండేది అది. కుళ్ళిన రసాల పులుపు, ఈగలు, కిరసనాయిలు వాసన. అన్నం ముందు కూర్చున్నా ఆ కంపు ముక్కును వదిలేది కాదు.

"పంతులూ, బండి ఆయిలు తెగ తాగుతోంది. ఎక్కడ కారుతోందో చూడు," అన్నాడు షావుకారు ఒక ఉదయం.

బెజవాడలో బ్రోకరు దగ్గర కొన్నాడట. పైన కొత్త నల్లరంగు, సీట్లకు కొత్త గుడ్డ. ఇంజను మాత్రం మట్టీ నూనే కలిసి అట్టలు కట్టి ఉంది. అట్లా ఉంటే నూనె ఎక్కడ పుడుతోందో తెలియదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, బడి సుద్దముక్కలు నూరి ఆ పొడి ఇంజనంతా చల్లాను. పావుగంట నడిపి ఆపాను. పక్క మూత అంచున తెల్లటి పొడిలో సన్నటి నల్లగీత దిగింది. అది మూత కింద వేసే గాస్కెట్టు లోపం, చిన్నదే. కానీ ఇంజనూ గేరుపెట్టే కలిసే చోట నుంచి బొట్లు ఆగకుండా పడుతున్నాయి. అక్కడ కారిందంటే వెనక బేరింగు అరిగిందన్న మాట.

పొగ నీలంగా వస్తోంది. హ్యాండిలు వేసి చేత్తో తిప్పితే సిలిండర్లలో మూడోదీ అయిదోదీ చేతికి ఎదురొత్తడం లేదు. ప్లగ్గులు విప్పి ఆ రెండింట్లో చెంచాడేసి ఆయిలు పోసి, మళ్ళీ బిగించి తిప్పాను. మూడోది బిగిసింది, అంటే పిస్టను రింగులు పోయాయి. అయిదోదానికి మార్పు లేదు, కనుక లోపం వాల్వులది. ఇంతవరకూ ముసలి ఇంజనుకు మామూలు జబ్బులే. చప్పుడు మాత్రం నాకు అర్థం కాలేదు. బేరింగు అరిగితే ఇనుము మీద ఇనుము కొట్టుకున్నట్టు ఉండాలి. ఇది తడిగుడ్డ మీద గుద్దినట్టు మెత్తగా ఉంది. స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క ప్లగ్గుకే కరెంటు తప్పించాను. మూడోదానికి తప్పించగానే చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు కింద ఆయిలు చాంబరు విప్పాను.

లోపల ఉన్నదాన్ని ఆయిలు అనడానికి లేదు. పొగా చప్పుడూ అణచడానికి పోసిన, తారులాంటి చిక్కటి జిడ్డు. మూడో పిస్టను రాడ్డు మూత ఊడదీస్తే బేరింగు లోహం ఉండాల్సిన చోట తోలు ముక్క ఉంది. పాత చెప్పుది. కుట్టు బెజ్జాలు కనిపిస్తున్నాయి. నూనెలో ఉడికీ ఉడికీ చచ్చిన ఎలక కంపు కొడుతోంది. అంతకంటే రోత పుట్టించింది దాని పనితనం. ఎవడో తీరిగ్గా కూర్చుని, కొలత చూసుకుని, అంచులు సమంగా కోసి దాన్ని పెట్టాడు.

షావుకారుకు చూపించాను. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎన్నాళ్ళు నడుస్తుంది?"

"నెల రావచ్చండి. రేపే పోవచ్చు."

"అయితే అట్లాగే బిగించెయ్యి."

"బిగించి ఏం చేస్తారండి?"

"అమ్మేస్తా. ఆ తోలు నేను పెట్టానా, నువ్వు పెట్టావా? మనకెట్లా వచ్చిందో అట్లాగే పంపిద్దాం. నిన్ను అబద్ధమాడమనడం లేదు. ఎవరన్నా అడిగితే ఉన్నది చెప్పు. అడక్కపోతే ఊరుకో."

గడ్డిలోంచి పండొకటి తీసి, నొక్కి చూసి, నా చేతిలో పెట్టాడు. జిడ్డు చేతులతోనే తీసుకున్నాను.

పాత తోలు చివికిపోయి మళ్ళీ కూర్చోలేదు. నా మిలిటరీ బూటు నాలిక కోసి కొత్త ముక్క పెట్టాను. కొలత చూసుకునే కోశాను. అంచులు సమంగానే వచ్చాయి.

వారం తిరక్కుండా ఊరి డాక్టరమ్మ గారు బేరానికి వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. చుట్టుపక్కల పల్లెలకు కాన్పులకు వెళ్ళాలంటే ఆవిడకు ఎద్దుబండే గతిగా ఉండేది. కారు చుట్టూ తిరిగి చూసి నా దగ్గరకు వచ్చారు.

"నువ్వు విప్పి చూశావుటగా. ఎట్లా ఉంది?"

షావుకారు నా వెనకే ఉన్నాడు.

"నడుస్తోందండి," అన్నాను.

ఆవిడ తలూపి కొనేశారు.

ఆరు వారాల తర్వాత ఆ కారును రెండు ఎద్దులు లాక్కొచ్చాయి. డాక్టరమ్మ గారు పక్కన నడిచి వచ్చారు. నేను గోనెపట్టా పరిచి, కిందకు దూరి, చాంబరు బోల్టుకు రెంచీ తగిలించాను.

"ఆగు," అన్నారావిడ. "ఏం జరిగిందో నేనింకా చెప్పలేదు. బానెట్టు ఎత్తలేదు, హ్యాండిలు తిప్పలేదు. సరాసరి అక్కడికే పోయావేంటి?"

మెడ మీద నూనె బొట్టు పడింది.

"రోగిని ముట్టుకోకుండా రోగం చెప్పేవాడికి అది ముందే తెలిసుండాలి," అన్నారు.

బయటికి వచ్చి ఆవిడ మొహం చూసే ధైర్యం లేక, కారు కింద పడుకునే అంతా చెప్పాను. తోలు సంగతి, బూటు సంగతి. ఆవిడ చెప్పుల మడమలు మాత్రమే కనిపిస్తున్నాయి నాకు. అవి కదల్లేదు.

"బయటికి రా."

వచ్చాను.

"జి. కొండూరు అవతల ఆగిపోయింది. పురిటి కేసు. కాయల బండి ఒకటి దొరికితే ఎక్కి వెళ్ళాను. తల్లి బతికింది."

బిడ్డ సంగతి ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

"బాగవుతుందా ఇది?"

"అవుతుందండి."

"అయితే చెయ్యి."

"నా చేతే చేయిస్తారా అండి?"

"దీన్లో ఏముందో నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

ఆవిడ కళ్ళముందే విప్పాను. నా తోలు ముడుచుకుపోయి బొగ్గులా ఉంది. షాఫ్టు మీద గీతలు పడ్డాయి. ఆవిడ రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి, వాసన చూసి, "ఇదేనా నీది?" అన్నారు. అవునన్నాను. కాగితం మీద పడేసి, సంచిలోంచి కార్బాలిక్ సబ్బు తీసి నీళ్ళు అడిగారు. మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నారు. నేను చెంబుతో పోస్తూ నిలబడ్డాను. కేసుల దగ్గర ఎన్నెన్నో చేత్తో ముట్టిన మనిషి, నేను పెట్టినదాన్ని ముట్టి అంతసేపు కడుక్కున్నారు.

బెజవాడ తీసుకెళ్ళి బేరింగుల్లో కొత్త లోహం పోయించాను. షాఫ్టు సాపు చేయించాను. రింగులు మార్చాను, వాల్వులు నూరాను. ఇరవై రోజులు పట్టింది. ఆ పని అవగానే షెడ్డు ఖాళీ చేస్తున్నానని షావుకారుకు చెప్పాను.

"నామీద కోపమెందుకు? అడిగితే చెప్పమన్నాగా. ఆవిడ అడిగింది కదా," అన్నాడు, అరటాకులో ఉప్మా తింటూ.

ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళంతా రోత. కాని ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. దాంతో రోత ఆయన మీద నిలవలేదు. నావైపే తిరిగింది. ఎన్నాళ్ళో తిరిగే ఉంది.

మైలవరం రోడ్డులో తాటాకు పందిరి వేసుకుని పని మొదలెట్టాను. డాక్టరమ్మ గారు కారును నా దగ్గరకే తెచ్చేవారు. నేను పని చేస్తున్నంతసేపూ స్టూలు వేసుకుని పక్కనే కూర్చునేవారు.

రెండేళ్ళ తర్వాత ఆవిడ దాన్ని అమ్మదలచుకున్నారు. టాక్సీకి కావాలని మైలవరం నుంచి ఒకాయన వచ్చాడు. ఆవిడ నా పందిట్లోనే కూర్చుని లోపాలన్నీ చెప్పారు: వెనక ఇప్పటికీ కాస్త కారుతుంది, ఎక్కుడు రోడ్డు మీద అయిదో సిలిండరు దమ్ము చూపదు, చలికాలం స్టార్టు కావడానికి ఏడిపిస్తుంది. ఆయన వేళాకోళమనుకుని నావైపు చూశాడు.

"నీళ్ళ పంపు బుష్షు కూడా పోయేట్టుందండి. నెలలోపు మార్చుకోవాలి," అన్నాను.

ఆయన రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి తీసుకున్నాడు. కారు దుమ్ములో కనుమరుగయ్యాక డాక్టరమ్మ గారు నావైపు తిరిగారు.

"పంపు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఆయన వచ్చిన రోజు పొద్దున్నే కనిపెట్టానండి," అన్నాను.

అది నిజమే. ఆవిడ నా మొహం చూసి, గొడుగు విప్పుకుని నడిచి వెళ్ళిపోయారు. నమ్మారో లేదో తెలియదు.