మా బావ దిద్దిన రీడింగు

మా బావంటే నాకు ఒళ్లుమంట. ఆ మాట దాచిపెట్టి ఆయన గురించి రాయడం నా వల్ల కాదు. మా అణువిద్యుత్ ప్లాంటులో ఆయన్ని అందరూ తూకంరాయి అంటారు. ఎదుటివాళ్ల మాటైనా, మా అక్క చేసిన కూరైనా తూచనిదే ఒప్పుకోడు. ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా రెండు ముద్దలు తిని, ఆలోచించి తీర్పు చెప్పే రకం. అక్క కట్టేసిన గ్యాసును మళ్లీ తిప్పి, మళ్లీ తనే కట్టేస్తేగాని కన్నంటుకోదు. పెళ్లైన నాటినుంచీ అక్క ఆ తనిఖీల కింద నలుగుతూనే ఉంది.

నా ఖర్మ కాలి నాకూ ఆయన పనిచేసే చోటే ఉద్యోగం వచ్చింది. ఇద్దరం రియాక్టరు కొలత పరికరాలు చూసే టెక్నీషియన్లం. చేరిన కొత్తలో నేనొక రీడింగు దిద్దబోతే నలుగురి ముందూ నా చెయ్యి పక్కకు నెట్టేశాడు.

"నీళ్ల వేడి నిలబడకముందే చెయ్యి పెడతావేంటి? మీ ఇంట్లో అన్నం ఉడక్కముందే వడ్డిస్తారా?"

మా ఇల్లంటే ఆయన అత్తారిల్లే. ఆ సంగతి మర్చిపోయాడు మహానుభావుడు.

ఈమధ్య రియాక్టరు శక్తిని కొలిచే డిటెక్టరు ఒకటి పాడైతే మార్చారు. కొత్తది పెట్టగానే దాని మాట నమ్మడానికి లేదు. రియాక్టరును నడిపించి, అందులోంచి నీళ్లు మోసుకొచ్చే వేడిని లెక్కగట్టి, ఆ లెక్కకు సరిపోయేలా రీడింగు దిద్దాలి. తక్కువ చూపిందంటే ప్రమాదగంట ఆలస్యంగా మోగుతుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టే. అందుకే ఒకరు దిద్దితే, ఇంకొకరు వాళ్లనేమీ అడక్కుండా విడిగా లెక్కగట్టి సంతకం పెట్టాలి. దిద్దే పని బావకు పడింది, తనిఖీ నాకు పడింది.

ముందురోజు సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. మా విభాగం పెద్ద రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ బావకివ్వాలా వద్దా అన్నది ఈ పని చూసి తేలుస్తారట.

"రేపొక్కరోజు ఆయనతో పేచీ పెట్టుకోకే," అంది. "ఆ కుర్చీ వస్తే మనిషి కాస్త చల్లబడతాడు. నాకూ ఊపిరాడుతుంది. సంతకం పెట్టెయ్."

"పని సరిగ్గా ఉంటే పెడతాను."

"ఆయన పని సరిగ్గా లేకపోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. అదే నాకు మింగుడుపడని సంగతి.

మర్నాడు కంట్రోల్ రూములో పెద్దలు గడియారాలు చూసుకుంటూ నిలబడ్డారు. బావ చకచకా దిద్దేసి లేచాడు. కాసేపాగి నేను కూర్చుని నీళ్ల లెక్క కట్టాను. లెక్క ప్రకారం శక్తి తొంభై శాతం. రీడింగు ఎనభై ఏడు దగ్గరుంది. నా లెక్క మీదే అనుమానం వచ్చి మళ్లీ కట్టాను. అంతే వచ్చింది.

అప్పుడర్థమైంది. శక్తి ఇంకా పెరుగుతుండగానే ఆయన దిద్దేశాడు. నీళ్ల వేడి ఎప్పుడూ కాస్త వెనకబడి వస్తుంది. అది నిలబడేదాకా ఆగకుండా ఆ తక్కువ లెక్కకే రీడింగు దిద్దేశాడు. నన్ను నలుగురిలో కడిగేసిన తప్పే, పెద్దల గడియారాలకు జడిసి తనూ చేశాడు.

నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు. ఆ వెంటనే అక్క మొహం గుర్తొచ్చింది.

"సంతకం పెట్టను," అన్నాను. "వేడి నిలబడకముందే దిద్దారు."

బావ మొహం మాడిపోయింది. "ఇంతమంది ముందు కక్ష తీర్చుకుంటున్నావా?"

"మీరే లెక్కగట్టి చూసుకోండి."

చూసుకున్నాడు. కుర్చీ లాక్కుని మళ్లీ మొదటినుంచీ దిద్దాడు. ఈసారి పెద్దలు ఎంత నస పెట్టినా కదల్లేదు. నేను మళ్లీ లెక్కగట్టి సంతకం పెట్టాను.

విభాగం పెద్ద కుర్చీ ఇంకొకరికి పోయింది. అక్క నాతో మాటలు మానేసింది. బజార్లో ఎదురైతే కూరగాయల సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని అటు తిరిగిపోతుంది. బావ నన్ను చూస్తే ఇప్పటికీ పళ్లు నూరుతాడు. నాకూ ఆయన మీద కొత్తగా ప్రేమేం పుట్టుకు రాలేదు.

పోయిన వారం ఇంకో డిటెక్టరు మార్చారు. దిద్దే పని మళ్లీ బావకే పడింది. తనిఖీకి ఎవర్ని వెయ్యమంటావని కొత్త పెద్ద బావను అడిగాడు. నేను ఆ పక్కనే పనిముట్ల పెట్టె సర్దుకుంటున్నాను.

"మా మరదల్ని వెయ్యండి," అన్నాడు బావ, నా వైపు చూడకుండానే. "నేనంటే దానికి పడదు."