కొలతలు ఎరగని పక్కింటి అక్క

ఆదోనిలో మా పక్కింటి అక్క పోయిన వారం చనిపోయింది. కబురు వినగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ఇక ఆమెతో నన్ను పోల్చేవాళ్ళు ఉండరని కూడా అనిపించింది. మీ దగ్గర దాపరికం ఎందుకు, ఏళ్ళ తరబడి ఆమెను చూసి కుళ్ళుకున్నాను.

డెబ్బైల మొదట్లో మేము కాపురం పెట్టేనాటికే ఆమె ఆ వీధిలో ఉంది. పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. అక్కడి నుంచి దుప్పటి ముక్కలు తెచ్చి, రంగుకు రంగు కలవకపోయినా కుట్టి గుమ్మానికి కట్టింది. పత్తి బేళ్ళకు చుట్టే ఇనుప పట్టీలు వంచి గోడకు కొట్టి, గరిటెలు తగిలించింది. ఒంటిగది ఇల్లు కళకళలాడేది. నేనూ అలాగే చేస్తే మా ఇల్లు పాతసామాన్ల కొట్టులా తయారైంది.

వంటలో మరీ అన్యాయం. నేను మా అమ్మ నేర్పినట్టు గిద్దతో కొలిచి వండేదాన్ని. మా ఆయన తలెత్తకుండా తినేవాడు. "బాగుంది" అనే మాట కోసం ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒకసారి మా అన్న మద్దికెర నుంచి మంత్రాలయం పోతూ మా ఇంట్లో దిగాడు. టిఫినుకు ఉగ్గాణి చేద్దామని బొరుగులు, అదే మరమరాలు, నీళ్ళలో వేసి, మాటల్లో పడి మరిచిపోయాను. ముద్దయిపోయాయి. పారబోయబోతుంటే అక్క చూసింది.

"పారేస్తావేమే? ఇట్లియ్యి" అని గిన్నె లాక్కుంది. పుట్నాల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు కలిపి వడలు తట్టింది.

"ఎంత పొడి వేసినావక్కా?"

"కొలుస్తా యాడ కూసుంటాం? సేతికి అంటకుంటే సాలు."

మా అన్న లొట్టలేసుకుంటూ తిన్నాడు. "ఇంత రుచిగా నువ్వెప్పుడన్నా సేసినావా?" అన్నాడు నాతో. మా ఆయన నోట "బాగుంది" అన్న మాట కూడా అప్పుడే వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. నేనూ తిన్నాను. నిజంగానే బాగున్నాయి, అదే కదా మంట.

నాకు జ్వరమొస్తే మా పిల్లలకు వండిపెట్టింది ఆమే. ఆ రుణం తీరేది కాదు. కానీ నేను లేచాక వాళ్ళకు నా కూర నోటికి ఎక్కలేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే తిండి పంపాలి. అక్క పోయిన రోజు ఇంట్లో ఉన్న వంకాయలు, అలసందలు, కాస్త పుల్లటి పుంటికూర ఒకే గిన్నెలో వేశాను. కళ్ళు తుడుచుకుంటూ చేతికొచ్చినంత చెనిక్కాయల పొడి చల్లి, జొన్నరొట్టెలతో తీసుకెళ్ళాను.

వాళ్ళాయన ఒక్క ముద్ద తిని ఆగిపోయాడు.

"అమ్మా, ఇది మా ఆమె సేసినట్టే ఉంది" అన్నాడు. "ఇంకొంచెం ఎయ్యి."

ఇన్నేళ్ళకు నా వంటను ఒకరు మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా ఆమెకే పోయింది. గరిటెతో ఇంకాస్త వేశాను. ఆయన కళ్ళొత్తుకుంటూ, కంచానికి అంటిన కూరను రొట్టె ముక్కతో తుడుచుకుని తింటున్నాడు.