మామ్మ ఆమెన్ అనని సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తెరవడం దొంగతనంతో సమానం. ఆ దొంగతనం నేను రోజూ చేసేదాన్ని. నేను అనుమానపు మనిషినని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు. పాలవాడు నవ్వితే చాలు, నేను పాలలో నీళ్ళు వెతుకుతానట. వెతుకుతాను, కాదనను. ఎందుకో చెప్పాలంటే మా ముందుగదిలో అద్దెకు దిగిన ఒక అన్నయ్య సంగతి చెప్పాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వన్ టౌన్‌లో, ఆటో వస్తే మనిషి గోడకి అంటుకుపోవలసినంత సన్నటి సందులో మా ఇల్లు. నాన్నకి స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. అమ్మ రెండు సందుల అవతల ఒక చిన్న బడిలో టీచరు. నాన్నని కన్న మా మామ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసి ఇంటిపట్టునే ఉండేది. ఆవిడ కళ్ళకి శుక్లాలు వచ్చాయి. మనుషుల్ని గొంతుని బట్టే పోల్చుకునేది.

ఆ ఏడు నాన్నకి ఉక్కునగరంలో క్వార్టరు వచ్చింది. అక్కడ చెట్లుంటాయి, కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ప్లాంటు దగ్గర, వెళ్ళిపోదాం అన్నారు నాన్న. నా బడి, నా పిల్లలు ఇక్కడుంటే నేనెక్కడికి వస్తానంది అమ్మ. మాటా మాటా పెరిగి ఒకరోజు ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఈస్టరుకి ముందు మేము ఉపవాసముండే శ్రమల దినాలు నలభైతో అయిపోతాయి. వాళ్ళ మౌనం ఈస్టరు దాటినా కరగలేదు. క్వార్టరు తీసుకుంటున్నట్టు నాన్న కాగితం మీద సంతకం పెట్టడానికి గడువు ఒక సోమవారం. ఒక్కడినే వెళ్ళిపోతానని ఆయన మామ్మతో అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించేది కాదు. సోమవారం తరవాత నేనెవరి దగ్గరుండాలో ఎవరూ చెప్పలేదు, అడగడానికి నాకు ధైర్యం లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ముందుగది అన్నయ్య వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. ప్లాంటులో ట్రైనింగట. ఎవరో పాస్టరుగారు ఇచ్చిన ఉత్తరం పట్టుకొచ్చాడు. ఆ పాస్టరుగారిని మాలో ఎవరూ ఎరగరు, ఉత్తరం మాత్రం చాలా బాగుంది. వారం తిరగకుండా నాన్న బాబాయ్ అయిపోయారు, అమ్మ పిన్ని అయిపోయింది. నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఫిషింగ్ హార్బరు దాకా తిప్పి తెచ్చేవాడు. నాకూ బాగా నచ్చాడు. ఆ మాట దాచి కథ చెబితే నేనే పెద్ద అబద్ధాలకోరునవుతాను.

మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు మోసే మనిషి కావాలి కదా. ఆ పని మెల్లగా ముందుగది అన్నయ్య చేతికి వచ్చింది. నాన్నకి ఎ షిఫ్టు ఉంటే తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కేవారు. అప్పటికి అన్నం ఉడకదు కాబట్టి, తరవాత వెళ్ళే ఈయనే కేరేజీ పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. "పిన్నికి నాను సెప్తాను బాబాయ్, మీరు కోపంలో ఉన్నారు" అనేవాడు. అటు వెళ్ళి "బాబాయ్ సంగతి నాకొదిలీ పిన్నీ" అనేవాడు. ఆయన కబురు మోసిన ప్రతిసారీ ఇంట్లో తలుపులు కొంచెం గట్టిగా పడేవి.

రాత్రి భోజనానికి ముందు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉండేది. చాప మీద అందరం గుండ్రంగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒకరి తరవాత ఒకరు పైకి ప్రార్థించాలి. ఆఖరున మామ్మ. మామ్మ ప్రార్థన మొదలెడితే అన్నం చల్లారిపోతుందని నాన్న వేళాకోళం చేసేవారు. ఆవిడ ఆమెన్ అనేవరకు ఎవరూ లేవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. ఆ కట్టుబాటు అంత గట్టిది. ముందుగది అన్నయ్య మూడో రోజుకే ఆ చాప మీద చోటు సంపాదించాడు.

ఆయన ప్రార్థన మహా తియ్యగా ఉండేది. "ప్రభువా, ఈ ఇంటి యజమాని మనసు నొప్పించిన మాట ఎవరన్నా వారిని క్షమించు. ఈ తల్లి పడుతున్న అవమానం నీకు తెలుసు" అనేవాడు. ఎవరన్నారు, ఏమన్నారు, ఏ అవమానం? ప్రార్థన మధ్యలో అడగడానికి లేదు. ఆమెన్ అయ్యేసరికి నాన్న మొహం గంటు పెట్టుకునేవారు, అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నేను ఒక కన్ను తెరిచి చూసేదాన్ని అన్నాను కదా. ఒకరోజు అలా చూస్తే అన్నయ్య కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. నోటితో ప్రభువుని పిలుస్తూ నాన్న మొహం వైపు, అమ్మ మొహం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసే మనిషిలా ఉన్నాడు. నన్ను చూశాడు. ఉలిక్కిపడలేదు, పెదాల మీద వేలు పెట్టి నవ్వాడు. మర్నాడు నాకు గుప్పెడు నారింజ బిళ్ళలు ఇచ్చాడు. తిన్నాను.

గడువు సోమవారమనగా అంతకు ముందు బుధవారం, అమ్మ ఒక చీటీ రాసి కేరేజీ పైగిన్నె మూత కింద పెట్టడం చూశాను. ముందుగది అన్నయ్య గుమ్మం దగ్గర మూత తీసి, ఆ చీటీ చదువుకుని, చొక్కా జేబులో వేసుకోవడం కూడా చూశాను. "చారు ఒలికితే తడిసిపోద్ది అమ్మడూ, అందుకని జేబులో పెట్టాను. అమ్మకి సెప్పకు, తిడతాది" అన్నాడు. చారు పైగిన్నెలో ఉండదని నాకు తెలుసు. ఆ సాయంత్రం నాన్న ఎప్పటిలాగే ముభావంగా వచ్చారు. అమ్మ ఆయన మొహం చూసి, మళ్ళీ చూసి, తల తిప్పుకుంది. అయినా నేను నోరు విప్పలేదు. విప్పితే సైకిలు పోతుంది, పైగా బిళ్ళలు తిన్నదాన్ని.

శనివారం నాన్నకి సెలవు. అమ్మ కవళ్ళ చేపలు మామిడికాయ వేసి పులుసు పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దడానికి బడికి వెళ్ళింది. నాన్న తింటుంటే మామ్మ పక్కన కూర్చుని "పులుసెలాగుందిరా" అని అడిగింది. "బాగుంది" అన్నారు నాన్న. మామ్మ వెంటనే ముందుగది అన్నయ్యని పిలిచి, "బజారుకే కదా ఎల్తన్నావు, బడి దగ్గర ఆగి, పులుసు బాగుందన్నాడని కోడలితో సెప్పు నాయినా" అంది. ఆయన తప్పకుండా చెబుతానని వెళ్ళాడు. మామ్మకి అంత చిన్న మాట కబురు పంపవలసిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం చాప మీద మామ్మ వంతు వచ్చింది. ఎప్పటిలాగే చుట్టాలందరి కోసం, రోగుల కోసం, వేటకెళ్ళిన పడవల కోసం ప్రార్థించింది. తరవాత గొంతు మార్చకుండానే ఇలా అంది.

"తండ్రీ, ఇయ్యాల నా కొడుకు పులుసు తిని బాగుందన్నాడు. నా సెవులతో ఇన్నాను. ఆ మాట కోడలికి సెప్పమని ఈ పిల్లోడిని పంపాను. అది ఎలాగ సేరిందో నువ్వే సెప్పించు."

ఆమెన్ అనలేదు. ఆగింది.

చాలాసేపటికి అమ్మ, కళ్ళు తెరవకుండానే, "అలా చేరలేదు ప్రభువా" అంది. "పేపర్ల మీదున్న శ్రద్ధ పొయ్యి మీద లేదన్నారని చేరింది."

"నానెప్పుడన్నాను?" అన్నారు నాన్న. అన్ని వారాల తరవాత అమ్మతో ఆయన అన్న మొదటి మాట అదే.

ముందుగది అన్నయ్య గొంతు సవరించుకుని "మామ్మా, అదేటంటే" అన్నాడు.

"ప్రార్థనలో ఉన్నాం నాయినా. ఆమెన్ అయ్యాక మాటాడుదువు గాని" అంది మామ్మ. ఆయన నోరు అక్కడే కట్టుబడిపోయింది. రోజూ మమ్మల్ని కట్టేసిన తాడే అది.

మామ్మ మళ్ళీ ఆగింది. ఈసారి కూడా అమ్మే అంది. "క్వార్టరుకి ఒక్క మనిషికి సరిపడా మంచం చూస్తున్నారట ప్రభువా."

"మంచం మాటే నానెత్తలేదు. ఎల్తే ఎల్లమను, పీడా పోద్ది అందని నాకు సెప్పాడు. తోడుగా నానొచ్చి ఉంటాను, వంట సేసి పెడతాను బాబాయ్ అన్నాడు" అన్నారు నాన్న.

అదన్నమాట సంగతి. ట్రైనింగు కుర్రాళ్ళకి క్వార్టరు ఇవ్వరు. మా నాన్న ఒంటరివాడైతే, ప్లాంటు పక్కనే ఈ అన్నయ్యకి ఇల్లు దొరుకుతుంది.

ప్రార్థనలో నా వంతు ఎప్పుడో అయిపోయింది, అయినా అన్నాను. "ప్రభువా, బుధవారం అమ్మ కేరేజీలో పెట్టిన చీటీ అన్నయ్య జేబులో పెట్టుకున్నాడు. నేను చూశాను."

అమ్మ కళ్ళు తెరిచేసింది. నాన్న వైపు తిరిగి, ఇక ప్రభువుని మధ్యలో పెట్టకుండా, "ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ వచ్చి ఆ ఇల్లు చూస్తానని రాశాను. మీరు జవాబే చెప్పలేదు" అంది. నాన్న చెయ్యి చాపి నన్ను దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడంది మామ్మ, ఆమెన్ అని.

మర్నాడు పొద్దున్నే ముందుగది అన్నయ్య పెట్టె సర్దుకున్నాడు. మీ మంచి కోరే చేశానన్నాడు. గుమ్మం దాటుతూ నా దగ్గర ఆగి, అదే నవ్వుతో, "నువ్వూ రోజూ సూస్తానే ఉన్నావు కదమ్మడూ" అన్నాడు. ఆ మనిషి మా ఇంట్లో ఆడిన మాటల్లో పూర్తిగా నిజమైనది బహుశా అదొక్కటే. అది ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు.

ఆ ఆదివారం ముగ్గురం ఉక్కునగరం వెళ్ళి ఆ ఇల్లు చూసొచ్చాం. సోమవారం నాన్న సంతకం పెట్టలేదు. రెండేళ్ళ తరవాత అమ్మకి అటువైపు బడిలో పని దొరికాక అందరం మారాం. మధ్యలో దెబ్బలాడుకోలేదని కాదు. బ్రహ్మాండంగా దెబ్బలాడుకున్నారు, కాని ఎదురెదురుగా నిలబడి.

నీకెలా తెలిసిందని తరవాత మామ్మని అడిగాను. "కళ్ళు మూసుకున్నోడి గొంతు ఒక పక్కకే వస్తాది. ఈడి గొంతు ఓసారి మీ నాన్నవేపు, ఓసారి మీ అమ్మవేపు తిరిగేది. గుడ్డిదాన్ని, నాకు ఇనిపించీసింది" అంది. నా తల దువ్వుతూనే, "నీకు కళ్ళున్నాయి కదే. మరి నోరేటయిపోయింది" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో ప్రార్థన ముగించి ఆమెన్ అనేది నేనే. నేను ఇప్పటికీ ఒక కన్ను తెరిచే ఉంచుతాను. ఒక్కోసారి మా మనవరాలి కన్ను కూడా తెరిచి ఉంటుంది, ఇద్దరం చూసుకుంటాం. దాన్ని తిట్టను, పెదాల మీద వేలు పెట్టను. ఆమెన్ అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చూశావో చెప్పమ్మా అని అడుగుతాను. అది చెప్పడం పూర్తయ్యేదాకా అన్నం చల్లారినా సరే, లేవను.