యాంగ్రీలీ... మా అమ్మ నేర్చుకున్న ఇంగ్లీష్

మా చిన్నప్పుడు... ఉప్పల్‌లో మా ఒంటిగది ఇంట్లో అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతూ "కమ్ టుమారో!" అని గద్దించేది. ఎదురుగా నేను నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉండేదాన్ని.

అమ్మ చదివింది ఐదో తరగతి. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. నన్ను ఆ ఏడాదే, ఏడో తరగతికి, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంలోకి మార్పించింది. నాకేమో నోరు పెగిలేది కాదు. యాన్యువల్ డే నాటికి ఇంగ్లీష్‌లో మాట్లాడకపోతే వెనక్కి పంపేస్తామన్నారు ప్రిన్సిపాల్ సార్.

మా ఇంగ్లీష్ మేడమ్‌కి జాలి వేసింది. "బట్టీ కొడితే రాదే... ఆడితే వస్తది" అని తనే ఒక చిన్న నాటకం రాసి, నాకు వేషం ఇచ్చింది. ఆఫీసర్ "రేపు రా" అంటాడు. నేను కోపంగా ఒకే ఒక్క మాట అనాలి.

బోర్డు మీద ఉన్నదంతా తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చాను. 'యాంగ్రీలీ ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్ సర్'... ఆ యాంగ్రీలీ కోపంగా అనమని చెప్పే మాటట, పైకి అనేది కాదట! బడిలో మేడమ్ చెప్తే నేను మానేశాను కానీ, నోట్‌బుక్‌లో కొట్టేయలేదు.

తెలుగులో ఉంది కదా... అమ్మ గడగడా చదివేసేది. ఇంట్లో ఆఫీసర్ వేషం అమ్మదే; నాలుగు రోజులకే అది వద్దని, నా మాట తను తీసుకుంది. "పొద్దంతా కంపెనీల మాటలు పడ్తనే ఉంట. ఇంట్లనన్న జర నన్ను తిట్టనీయే!"

యాన్యువల్ డే రోజు స్టేజీ మీద... "కమ్ టుమారో" విన్నాను. అంతే. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఆడవాళ్ల వరసలోంచి అమ్మ లేచి నిలబడింది. "యాంగ్రీలీ! ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్ సర్!"

అందరూ ఒకటే నవ్వు. నేను ఏడుస్తూ లోపలికి పరుగెత్తాను. రేపటి నుంచి తెలుగు మీడియంలో కూర్చోమన్నారు సార్.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. "నిన్నెవరు లేవమన్నరు? నా ఇజ్జత్ తీసినవ్!"

"తప్పు చెప్పిన్నా బిడ్డా?"

"అంతా తప్పే!" అన్నాను. తప్పు ఒక్క మాటే. అదేదో చెప్పలేదు... కావాలనే చెప్పలేదు.

మర్నాడు అమ్మ డ్యూటీకి పోలేదు. పొద్దున్నే వచ్చి ప్రిన్సిపాల్ గది ముందు నిలబడింది. తెలుగు మీడియం క్లాసు కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం గంట కొట్టాక సార్ బయటికొచ్చి, ఆగకుండానే అన్నారు. "ఇప్పుడు కాదమ్మా... టుమారో రా."

టుమారో!

"యాంగ్రీలీ! ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్ సర్!"

సార్ ఆగిపోయారు.

"ఎవరు నేర్పిన్రమ్మా నీకు?"

"నా బిడ్డనే సార్. దానికి రాకుంటే నాకెట్లొస్తది?"

సార్ ప్యూన్‌ని పిలిచారు. ఆ మధ్యాహ్నమే నన్ను ఇంగ్లీష్ మీడియంలోకి పంపేశారు. బ్యాగు తీసుకుని అమ్మ పక్కనుంచే వెళ్లాను... ఆ మాట తప్పని అప్పుడూ చెప్పలేదు. ఈసారి చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు మా పాపకు ఇంగ్లీష్ ఫోనే నేర్పుతోంది. కత్తిపీట ముందు ఎవరూ ఆఫీసర్ వేషం వేయక్కర్లేదు. నేనూ రోజంతా ఆఫీసులో ఇంగ్లీష్‌లోనే మాట్లాడతాను. కానీ ఎవరైనా "రేపు రండి" అంటే తలూపి వచ్చేస్తాను... ఆ వాక్యం మొత్తం నాకు వచ్చింది గానీ, మొదటి మాట మాత్రం అమ్మకే వచ్చింది.

మీ పాఠం మీకంటే ముందు మీ ఇంట్లో ఎవరికి వచ్చిందో... చెప్పరూ?