అడగకుండా కొన్న బిందె

పాతది అంటే ఎవరూ కొనరు, వింటేజ్ అంటే కొంటరు. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు డెబ్బై మూడేండ్లు పట్టింది. అది కూడా మా కోడలు నేర్పితే.

మెదక్‌లో మా ఇంటి ముందటి అర్ర ఇప్పుడు దుకాణమూ కాదు, ఇల్లూ కాదు. ఇత్తడి చెంబులు, మరచెంబులు, ఆకువక్కల పాందాన్లు, లాంతర్లు, చెక్క డబ్బాలు, ఆగిపోయిన గడియారాలు. బోర్డు లేదు, గల్లా లేదు. కోడలు ఫోన్లో ఒక పేజీ పెట్టింది, అదే దుకాణం. పొద్దున ఎండ గడప దాటక ముందే ఒక్కో వస్తువునూ మెట్టు మీద పెట్టి ఫోటో తీస్తుంది. నేను అయస్కాంతం పెట్టి చూసి అసలు ఇత్తడో, ఇనుము మీద పూతో చెప్తాను. కొనేవాళ్లలో సగం మందికి తళతళ మెరవాలె. మిగిలిన సగం మందికి చిలుము పట్టి అట్లనే ఉండాలె, తోమితే ఊరుకోరు. చిలుముకు కూడా ఖరీదు కట్టే కాలం వస్తదని నాకు ఎవరు చెప్పినా నమ్మకపోదును.

ఈ వ్యాపారంలో నేను పెట్టిన కానూన్ ఒక్కటే. ఏ ఇంట్లో వస్తువు కొన్నా, ఎందుకు అమ్ముతున్నరో అడగకుండా కొనొద్దు. అడిగి, విన్నది విన్నట్టు ఒక కాయితం మీద రాసి వస్తువు లోపల పెడ్తాను. కోడలు దాన్ని చూసి ఫోన్లో కొడ్తది. ఒక వస్తువు ఇల్లు దాటి పోతున్నదంటే ఆ ఇంట్లో ఏదో జరిగినట్టే. శివ్వంపేటలో ఒక రైతు ఇంట్లో ఇద్దరు మనుషులు పట్టే గంగాళం కొన్నప్పుడు ఆ ఇంటి ముసలామె, "నా చేతులకు తోముడు చేతనైతలేదు, కోడండ్లకు తోమాలె అని తెల్వది" అన్నది. అదే రాసిన. చర్చి దగ్గర ఉండే రిటైరైన టీచరమ్మ గోడ గడియారం అమ్మింది. మంచిగ నడిచే గడియారం. "అది గంట కొట్టినప్పుడల్లా మా సార్‌కు మందు ఇచ్చే టైమైందని లేస్తున్నా" అన్నది. సార్ పోయి అప్పటికి ఏడాది. అది కూడా రాసిన. వస్తువు కన్నా ముందు ఆ కాయితాలే అమ్ముడుపోతయని కోడలు నవ్వుతది.

కొన్నవాళ్లు ఏం చేస్తరో కూడా ఫోటోలు పంపుతరు. అవి చూస్తే నా ఒళ్లు మండుతది. గంగాళంలో చేపలు పెంచుతున్నరు. మరచెంబులో పెన్నులు. నీళ్ల బిందెలో తడిసిన గొడుగులు. మా ఇండ్లల్లో ఆడవాళ్లు తోమి తోమి అరిగించిన బిందెలో గొడుగులు పెట్టుకునే సంసారం ఏం సంసారమో నాకు అర్థం కాదు. "వాళ్లు కొన్నరు, వాళ్ల ఇష్టం మామా. మీరు ఫోటోలు చూడకుండ్రి" అంటది కోడలు. చూడకుండా ఉండలేను.

పోయిన ఎండాకాలం ఒకనాడు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆమె గడపలోనే ఎదురొచ్చింది.

"మామా, సజ్జ మీద గోనెసంచిల ఒక బిందె దొరికింది. ఫోటో పెట్టిన. పొద్దుగాల్నించి ఒకటే మెసేజ్‌లు."

"ఎవర్ని అడిగి పెట్టినవ్?"

"మన సజ్జ మీద సామానుకు కూడ అడగాల్నా?" అని ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. "హైదరాబాద్‌ల ఒకామె గట్టిగ పట్టుకున్నది. దాని మీద అక్షరాలు మస్తు ముద్దుగున్నయట. ఎవరు రాసిండ్రు, ఎవరిది, ఎందుకు అమ్మిండ్రు అని అడుగుతుంది. మీ కాయితం ఏది? లోపల చూసిన, లేదు."

కాయితం లేదు. ఆ ఒక్కదానికి లేదు.

నేను ఏ బడికీ పోలేదు. పదేండ్లప్పుడు మా నాయిన నన్ను మెదక్ బజారులో గిన్నెల దుకాణంలో పనికి పెట్టిండు. పెండ్లి సామాను కొన్నవాళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టించుకునేటోళ్లు. సేటు సుద్దముక్కతో పేరు రాసేది, నేను సన్న ఉలితో ఆ సుద్ద గీత మీద చుక్క పక్కన చుక్క కొట్టుకుంట పోయేది. చాలా రోజులు అవి నాకు గీతలే. తర్వాత తర్వాత ఒక గీత ఇంకో గిన్నె మీద కూడా కనపడేది, దాన్ని సేటు ఎట్ల పలికిండో చెవి పెట్టి వినేది. అట్ల దొంగతనంగా ఒక్కొక్కటి పట్టుకున్న. తర్వాత పొట్లాల కాయితాలు, పాత పేపర్లు, దొరికిందల్లా చదివిన. నాకు ఎవరూ ఓనమాలు దిద్దించలేదు. అందుకే చదువు వచ్చి చదవనివాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం.

నాకు పన్నెండేండ్లప్పుడు మా అక్క పెండ్లి. నాయిన ఇత్తడి బిందె కొన్నడు. ఆనాడు సేటు పేరు రాయబోతే నేను సుద్దముక్క వద్దన్న. సేటు నవ్వి, "చెడగొడితే నీ జీతంల కోస్త" అన్నడు. సుద్ద లేకుండా, నా అంతట నేను, మొదటిసారి రాసింది మా అక్క పేరు. మొదటి అక్షరం పెద్దగ వచ్చింది, పోను పోను చోటు చాలక చిన్నగైనయి, వరుస పైకి ఎక్కిపోయింది. అయినా అది రాత. అక్క ఆ బిందె పట్టుకొని రామాయంపేట అవతలి నిజాంపేటలో అత్తగారింటికి పోయింది. పండుగకో పబ్బానికో పోతే ఆ బిందె నీళ్లే తాగేటోన్ని.

తర్వాత స్టీలు వచ్చింది, దాని వెనుక ప్లాస్టిక్ వచ్చింది. ఆడవాళ్లు ఇత్తడి తెచ్చి స్టీలు పట్టుకపోయేటోళ్లు. మా దుకాణం వెనుక పాత ఇత్తడి కుప్ప పడేది, లారీ వచ్చి కరిగించడానికి తీస్కపోయేది. ఎంతమంది పేర్లు ఆ కుప్పలో పడ్డయో, అందుల సగం నేను కొట్టినవే. నాకు ఏమీ అనిపించలేదు, పని పనే. ఒకనాడు ఊర్లు తిరిగే సామానోడు తెచ్చిన సంచి విప్పి కుమ్మరిస్తే, వరుస పైకి ఎక్కిపోయిన పేరు కనపడ్డది.

మా బావ అమ్ముకున్నడని అనుకున్న. తాగిండేమో, పేకాట ఆడిండేమో. అక్క నోరు మూసుకొని చూసిందని అనుకున్న. నా మొదటి రాతను తూకానికి వేసిండ్రని అనుకున్న. ఇవన్నీ ఒక్క నిమిషంలో అనుకున్న. సేటుకు ఆ తూకం పైసలు కట్టి బిందెను తువ్వాలలో చుట్టుకొని ఇంటికి తెచ్చి సజ్జ మీద పెట్టిన. ఇక అక్క ఇంటి గడప తొక్కలేదు.

ఆమె బిడ్డ పెండ్లికి కుంకుమ పట్టుకొని వచ్చి పిలిచింది. మా ఇంటామెను పంపిన, నేను పోలేదు. మక్కకంకులు పంపితే ముట్టలేదు. బావ చనిపోయిన రోజు పోయిన గాని, వాకిట్లో మగవాళ్లతో నిలబడి వచ్చేసిన. మా ఇంటామె చనిపోయినప్పుడు అక్క వచ్చి నా పక్కన చాలాసేపు కూర్చున్నది. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఎందుకని ఆమె అడగలేదు. నలభై ఏండ్లు.

ఇదంతా కోడలికి చెప్పిన. ఆమె ఫోన్ పక్కన పెట్టింది.

"అందరి ఇండ్లల్ల ఎందుకు అమ్ముతున్నరని అడుగుతరు కదా మామా. మీ అక్కను అడిగిండ్రా?"

నేను కోపంగా ఏదో అన్న. ఏమన్ననో యాది లేదు, అనడానికి ఏమీ లేక అన్నదే. ఆమె హైదరాబాద్ ఆమెకు రెండు రోజులు ఆగమని మెసేజ్ పెట్టింది.

తెల్లారి రామాయంపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. బిందె ఒళ్లో పెట్టుకున్న. ఖాళీ బిందె. ఆటో దిగేసరికి తొడలు మొద్దుబారినయి. ఆ బరువును ఒక ఆడమనిషి నీళ్లతో నింపి నడుము మీద పెట్టుకుంటదని అప్పుడు తెలిసినట్టు చెప్తే నవ్వుతరు గాని, నిజంగా అప్పుడే తెలిసింది.

అక్క వాకిట్లో రేకుల నీడకు కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది. ఎనభై దగ్గర పడ్డది. తల ఎత్తి చెయ్యి అడ్డం పెట్టి చూసింది.

"ఎవరు?"

"నేనే."

"నేనంటే?"

"నేనే అక్కా."

మళ్లీ తల దించి ఇంకో కాయ తీసుకున్నది. "కూసో. బస్సు దొరికిందా?"

"దొరికింది."

"ఇన్నేండ్లు దొరకలే కదా, అందుకని అడుగుతున్న."

నేను కూర్చొని బిందెను మా ఇద్దరి నడుమ పెట్టిన. ఆమె చూసింది, గుర్తుపట్టలేదు. ఇంటింటికీ తిరిగి నేను వందలసార్లు అడిగిన మాటే ఇక్కడ కూడా అడిగిన. "నీ పెండ్లి బిందె. ఎందుకు అమ్మినవ్?"

"ఇదా?" అని చింతపండు చేతితోనే తట్టింది. "ఇది నీకాడ ఉన్నదా? నాకు ఆపరేషనైనంక బరువు లేపొద్దన్నరు తమ్మీ. నీ బావ పొలం కాడ. పిల్లలు చిన్నోళ్లు. బోరింగేమో ఊరవతల. ప్లాస్టిక్ బిందెలోడు వస్తే దీన్ని ఇచ్చేసిన, నాలుగిచ్చిండు. ఎర్రయి రెండు, పచ్చయి రెండు. ఆ దినం నాలుగూ నింపి వరుసకు పెట్టుకొని చూసుకుంట కూసున్న. గంత సంబురం నా పెండ్లికి కూడ కాలే."

"బావ అమ్మిండనుకున్న."

"ఆయనా? ఆయనకు తెల్వనే తెల్వది. తెలిసినంక, మీ నాయిన ఇచ్చింది ఎట్ల ఇస్తవని రెండు రోజులు ముఖం మాడ్చుకున్నడు." చేతిలో కాయ ఆగిపోయింది. "గిందుకా? గింత దానికా నువ్వు రానిది? మేము గరీబోల్లమని వస్తలేడు, మెదక్ల ఉంటడు, చదువుకున్నడు అనుకున్న."

"దాని మీద నేను రాసిన అక్కా. నా అంతట నేను మొదటిసారి రాసింది."

"ఏం రాసినవ్?"

"నీ పేరు."

"నా పేరా? నాయిన పేరనుకుంటి."

నేను బిందెను తిప్పి పేరు ఆమె దిక్కు పెట్టిన.

"నాకు చదువొస్తదా?" అన్నది, తప్పు తనదే అయినట్టు. "నువ్వు ఎన్నడన్న చదివి చెప్పినవా?"

లేదు. గిన్నెల మీది పేర్లన్నీ చదివిన, పొట్లాల కాయితాలు చదివిన, చదవనివాళ్లను చూసి ముఖం తిప్పుకున్న. నాకు నడక నేర్పిన మనిషి పక్కన కూర్చొని ఒక్క అక్షరం చూపెట్టలేదు. అక్షరాలు రానిదానికి అక్షరాలు అమ్ముకున్నదని శిక్ష వేసిన.

ఆమె వేలు పట్టుకొని మొదటి అక్షరం మీద పెట్టిన. చుక్కల మీద వేలు మెల్లగ పోయింది. నేను పలుకుతుంటే ఆమె పెదవులు కదిపింది. చివరి అక్షరాల దగ్గర, "గీడికొచ్చి ఇరుకైంది, చోటు చూసుకోలేదా?" అన్నది.

"పన్నెండేండ్లోన్ని కదా."

అన్నం పెట్టింది, చింతపండు చారు. వచ్చేటప్పుడు బిందె ఉంచుకో అంటే చేతులు అడ్డం పెట్టింది. "నాకెందుకు గోడ గూట్లె అడ్డం? అమ్ముకో. అడిగేటోల్లున్నరంటివి కదా."

బిందె తిరిగి తెచ్చి కాయితం రాసిన: ఆపరేషన్ తర్వాత బరువు మొయ్యలేక ఇచ్చేసింది. హైదరాబాద్ ఆమె కొన్నది. దాంట్లో ఏం పెట్టుకున్నదో నేను ఫోటో అడగలేదు.

ఇప్పుడు వారానికోసారి నిజాంపేట పోతున్న. అక్క మాటలకు వరుస ఉండదు. మధ్యలో ఎక్కడి నుంచో అందుకుంటది. ఒక ఏడు వడగండ్ల వాన పడి వరి మొత్తం పోయిందని చెప్తది. చిన్నకొడుకుకు పచ్చకామెర్లయి దవాఖానలో పద్దెనిమిది రోజులున్నరని చెప్తది. మెదక్ దవాఖానలోనేనట. మా ఇంటికి నడిచిపోయేంత దూరం. నీళ్ల కోసం ఖాళీ సీసా పట్టుకొని మా గల్లీ మొదలు దాకా వచ్చి వాపసు పోయిందట.

"లోపలికి రాకపోతివా అక్కా?"

"నువ్వు ఇంట్ల ఉన్నవో లేవో అని."

ఉన్న. ఏ ఏడు చెప్పినా, ఏ నెల చెప్పినా, అప్పుడు నేను ఎక్కడున్ననని మనసులో వెతుక్కుంటున్న. ప్రతిసారీ ఇంట్లోనే ఉన్న.