క్యాబిన్ నుదుటి మీది పేరు

కాలిన రంగు వాసన గొంతులోకి చేదుగా దిగుతోంది. గద్వాలలో పాత ఇనుప సామాను దుకాణం ముందు పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. లోపల గ్యాస్ కట్టర్‌తో మా నాయిన పికప్ బండిని ముక్కలు చేస్తున్నారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇంటి ముందు కదలకుండా పడున్న ఆ బండిని రోజూ చూసే ఓపిక అమ్మకూ లేదు, నాకూ లేదు. నేనొచ్చింది ఒక్క రేకు ముక్క కోసం.

మాది అలంపూర్. తుంగభద్ర ఇళ్లలోకి వచ్చిన ఏడు నేను మూడో తరగతి. బండి రెండు రోజులు నీళ్లలో మునిగింది. ఇంజన్‌ను ఎలాగో బతికించారు కానీ క్యాబిన్ తుప్పు పట్టి, కాళ్ల కింద రేకు ఊడిపోయి, పెబ్బేరు సంతకు ఎడ్లను తీసుకుపోయేటప్పుడు నా చెప్పుల సందులోంచి తారు రోడ్డు కనిపించేది. ముందు అద్దం పైన పెయింటర్ రాసిన నా పేరు, మంజుల, మాత్రం ఎర్రగా చెక్కుచెదరలేదు. ఆ పేరు చూసుకుని నేను పడిన మిడిసిపాటు అంతా ఇంతా కాదు.

మరుసటి ఏడు, ఇంటినిండా సీతాఫలాలు మాగేసిన వాసన నిండిన రోజుల్లో, యాక్సిడెంట్‌లో వెనక భాగం నుజ్జయిన ఇంకో బండి క్యాబిన్‌ను నాయిన కొనుక్కొచ్చాడు. మా కల్లంలోనే మార్చారు. ఏ వైరు ఎక్కడిదో మరిచిపోకుండా అమ్మ పాత చీరల పీలికలు గుర్తుగా కట్టి, బోల్టులు విప్పి, స్టీరింగ్ ఊడదీశాక, చేన్లల్లో శేంగలు, అంటే పల్లీకాయ, పీకే పని ఆపుకుని వచ్చిన వాడకట్టు మొగవాళ్లంతా నలువైపులా పట్టి పాతదాన్ని దించి, కొత్తదాన్ని ఎత్తి కూర్చోబెట్టారు. అమ్మ అందరికీ జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు పెట్టింది. అన్ని పీలికలు కట్టినా హారన్ నొక్కితే వైపర్ తిరిగింది, అందరూ పడీపడీ నవ్వారు.

నేను నవ్వలేదు. పాత క్యాబిన్ నా పేరుతో సహా కోళ్ల గూడయింది. బడిలో పిల్లలు "మంజుల కోళ్లు" అని ఏడిపించేవాళ్లు. కొత్త క్యాబిన్ నుదుట "సుజాత" అని ఉంది.

"తుడ్సెయ్ నాయినా" అని ఏడ్చాను.

"ఎవరి బిడ్డనో ఏమో. ఆ యాక్సిడెంట్ల ఎవరు బతికిన్రో, ఎవరు పోయిన్రో తెల్వదు. పిల్ల పేరు తుడ్సుడు నాతోని కాదు బిడ్డా."

"మరి నా పేరు?"

"నువ్వు నా కండ్ల ముందలనే ఉన్నవు గద!"

నాయిన అన్నానికి కూర్చున్నప్పుడు బానెట్ ఎక్కి, మేకుతో ఆ పేరును బరబరా గీకేశాను. ఆయన చూశాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. చిన్న ఎర్రరంగు డబ్బా తెచ్చి, వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసుకుని, మిగిలిన గీతల మీద రంగు దిద్దసాగాడు. బడి మొహం చూడని మనిషి, వేలిముద్ర మనిషి. నడి అక్షరం దగ్గర చెయ్యి ఆగింది.

"గిట్లనేనా బిడ్డా? జర చెప్పు."

నాకు తెలుసు. అయినా మొహం తిప్పుకున్నాను. ఆ "జా" వంకరగానే ఉండిపోయింది. తర్వాత ఆ బండి ఎన్ని సంతలు తిరిగిందో, ఆ వంకర అక్షరాన్ని ఎంతమంది చూశారో! ఆ సుజాత ఎవరో మాకెప్పటికీ తెలియలేదు.

ఇప్పుడు కల్లం లేదు, ఇళ్లు లేచాయి. ఆ రోజు క్యాబిన్ ఎత్తిన వాళ్లలో సగం మంది లేరు, మిగతావాళ్లు పనులు వెతుక్కుంటూ తలా ఒక ఊరు పోయారు. కోళ్ల గూడు మీది నా పేరును తుప్పు ఎప్పుడో తినేసింది.

కట్టర్ పిల్లవాడు రేకు ముక్క తెచ్చిచ్చాడు.

"మీ పేరా అక్కా?"

"కాదు తమ్మీ. మా నాయిన రాత."

ఆయన జన్మలో రాసింది ఆ మూడక్షరాలే. రేకు ఇంకా వేడిగా ఉంది. కొంగుతో పట్టుకుని, వంకర "జా" మీద వేలు పెట్టి, "గిట్లనే నాయినా, గిట్లనే" అన్నాను.