తల్లి వచ్చిన గది

తొంభైల్లో దోహాలో నా డ్యూటీ ఆటలమ్మ వెంట తిరగడం. ఆరోగ్య శాఖలో గుమస్తాను. గోడమీద ఊరి పటం, చేతిలో ఎర్ర గుండుసూదుల డబ్బా. ఎవరికి పొక్కులు లేస్తే వాళ్ళ ఇంటిమీద సూది గుచ్చాలి. అంతకుముందు అక్కడికి ఎవరెవరు వచ్చారో కనుక్కోవాలి.

మా సూడానీ డాక్టరుగారు పనిరాక్షసుడు. నాకు సెలవు దొరికిన ఒక్క రోజే ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో కూలీల గదికి ఒంటరిగా వెళ్ళారు. అక్కడ జగిత్యాల వైపు మేస్త్రీ ఒళ్ళంతా పొక్కులతో పడి ఉన్నాడట. ఎవరొచ్చారని హిందీలో అడిగితే, దణ్ణం పెట్టి, "హమారా మా ఆయా" అన్నాడట.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్ళేసరికి రిజిస్టరులో "తల్లి, రెండు రోజుల క్రితం రాక" అని రాసి ఉంది.

"యల్లా, పద! రోగం తెచ్చింది ఆవిడే. వెతకాలి" అన్నారు డాక్టరుగారు.

మేము వెళ్ళేసరికి కూలీల గదిలో అప్పటికే గొడవ. మగవాళ్ళ క్యాంపులో ఆడమనిషిని దాచాడని, వీసా రద్దు చేసి పంపేస్తానని క్యాంపు బాసు మండిపడుతున్నాడు. మంచం కింద దూరి వెతుకుతుంటే ఆయన కాళ్ళు మాత్రమే బయట ఉన్నాయి. పాపం, మేస్త్రీ వచ్చి నాలుగు నెలలే.

"మీ అమ్మ ఏదయ్యా?" అన్నాను.

"మా అవ్వ ఊర్లనే ఉన్నది సారూ. గీడికెట్లత్తది?"

"మరి వచ్చిందన్నావట?"

"తల్లి అచ్చిందన్న." పొక్కులు చూపించాడు. "గామె పేరు తియ్యద్దు గద సారూ!"

నాకు నవ్వాగలేదు. వెంటనే భయమూ వేసింది. నేను సరిగ్గా చెప్పకపోతే ఈ మనిషి ఉద్యోగం ఊడుతుంది. మావాళ్ళు ఈ జబ్బును దేవత అంటారని, ఇంటికొచ్చిన తల్లిలా చూస్తారని చెమటలు కక్కుతూ చెప్పాను. డాక్టరుగారు పకపకా నవ్వి బాసు భుజం తట్టారు.

"మాఫీ ఔరత్! ఆడమనిషి ఎవరూ లేరు. ఈ తల్లికి వీసా అక్కర్లేదు."

అప్పటినుంచి తెలుగువాళ్ళ గదుల్లో ఆయన ప్రశ్న ఒక్కటే: "తల్లి ఆయా?" అంతవరకూ జబ్బు దాచినవాళ్ళు కూడా గలగలా చెప్పేశారు. నా సూదుల డబ్బా ఖాళీ అయింది.

చివరికి ఆమె నా గదికీ వచ్చింది. అల్ సద్‌లో జ్వరంతో మూలుగుతుంటే డాక్టరుగారు తలుపు తట్టి, "తల్లి ఆయా?" అన్నారు. మా అమ్మ గుర్తొచ్చి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన వెనకే మేస్త్రీ, చేతిలో వేపమండ. అది నా తలగడ కింద పెట్టి అన్నాడు:

"భయపడకు సారూ, గామెది వారం దినాల వీసానే."